తొమ్మిదడుగుల వైపు

మా అమ్మ మీద నేను అసూయపడ్డ వేసవి అది. ఈ మాట ఇలా ఉన్నదున్నట్టు రాయడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది. తోటి ఉద్యోగి మీదో, పక్కింటి పిల్ల మీదో అసూయపడితే ఎవరికైనా చెప్పుకోవచ్చు. కన్నతల్లి మీద, అదీ మెట్లు దిగడానికి గోడ పట్టుకునే మనిషి మీద కుళ్లుకున్నానంటే ఎవరితో చెప్పుకోను?

అమ్మ ఇస్త్రీ దుకాణంలో పనిచేసేది. ఇరవై ఆరేళ్లు ఒకే బల్ల ముందు నిలబడింది. నాన్న సిటీ బస్సు డ్రైవరు. అమ్మ వైపు, నాన్న వైపు కలిపి చూసినా డిగ్రీ దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే. చదువయ్యాక పెద్దాసుపత్రి రికార్డుల గదిలో ఉద్యోగం వచ్చింది. వచ్చిన రోగి పేరు, వయసు, వృత్తి, బాధ ఏమిటో అడిగి కాగితం నింపడం నా పని. ఏ గడిలో ఏ మాట పడితే మనిషి ఏ గదికి వెళ్తాడో నాకు కొట్టిన పిండి.

ఇంట్లోనూ అదే పని. ఏడో తరగతి నుంచీ మా ఇంటి కాగితాలన్నీ నేనే నింపేదాన్ని. అందుకే నాన్న నన్ను 'గుమస్తా' అని పిలిచేవాడు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ, "ఏరా గుమస్తా, ఈ రోజు ఏం నేర్చుకున్నావు?" అనేవాడు. నేను ఒకటో తరగతిలో ఉన్నప్పటి నుంచీ అదే ప్రశ్న. అ ఆలు చెప్పాను, ఎక్కాలు చెప్పాను, కాలేజీకొచ్చాక ధరలు ఎందుకు పెరుగుతాయో చెప్పాను. ఉద్యోగం వచ్చాక కొత్తగా నేర్చుకునేదేముంటుంది? అయినా ఆయన అడగడం మానలేదు, నేను ఏదో ఒకటి చెప్పడం మానలేదు. ఇంట్లో ఎవరి కంచం వాళ్లకున్నట్టు, ఆ ప్రశ్న నాకుండేది.

ఆ వేసవి మొదట్లో అమ్మ మోకాళ్లు మరీ మొండికేశాయి. మా ఆసుపత్రిలోనే ఫిజియోథెరపీ డాక్టరుకి చూపించాను. ఆయన మోకాలి చిప్పని అటూ ఇటూ కదిపి చూశాడు.

"నీళ్లలో వ్యాయామం చెయ్యండమ్మా. ఈత నేర్చుకుంటే ఇంకా మంచిది. నీళ్లలో ఒంటి బరువు మోకాళ్ల మీద పడదు."

"ఈ వయసులో ఈతేంటి డాక్టరు గారూ, నలుగురూ నవ్వుతారు."

"మోకాళ్లు మీవా, ఆ నలుగురివా?"

అమ్మ చీర మోకాళ్ల మీదకి లాక్కుంది.

మున్సిపాలిటీ ఈత కొలనులో పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా ఆడవాళ్లకి. మూడు నెలల సీజను. అమ్మ ఒక్కతే వెళ్లనంటే నేనూ చేరాను. నేను నేర్చుకుని అమ్మకి నేర్పాలన్నది నా ఉద్దేశం. బ్యాంకు చీటీ రాయించడం దగ్గర్నుంచి లిఫ్టు మీట నొక్కడం దాకా అమ్మకి నేర్పింది నేనే కదా. చేరేముందు మూడు రోజులు ఈత గురించి చదివాను. ఊపిరి ఎప్పుడు పీల్చాలి, కాళ్లు ఎలా ఆడించాలి, అన్నీ నోట్సు రాసుకున్నాను. చేరే కాగితాలు రెండూ నేనే నింపాను. వృత్తి అన్న చోట నాకు 'ప్రభుత్వ ఉద్యోగి' అని రాశాను. అమ్మకి ఎప్పుడూ రాసే మాటే రాశాను. 'గృహిణి'.

కొలనుకి ఈ చివర గోడ మీద ఎర్ర రంగుతో మూడున్నర అడుగులు అని, ఆ చివర తొమ్మిదడుగులు అని రాసి ఉండేది. మధ్యలో అడ్డంగా తాడు, దానికి ఎరుపూ తెలుపూ బిళ్లలు. కొత్తవాళ్లకి పసుపు రంగు రబ్బరు టోపీ. పసుపు టోపీ వాళ్లు తాడు దాటకూడదు. నీలం టోపీ వాళ్లు దాటొచ్చు. సీజను చివర ఒకే ఒక్క రోజు పరీక్ష. ఈ చివర నుంచి ఆ చివరకి ఆగకుండా ఈది, తొమ్మిదడుగుల దగ్గర రెండు నిమిషాలు దేన్నీ పట్టుకోకుండా నిలిస్తే నీలం టోపీ ఇస్తారు. ఆ ఏడాది ఆ పరీక్ష అయిన వారానికే కొలను నీళ్లు తీసేసి అడుగంతా కొత్త పలకలు పరుస్తారని, మళ్లీ తెరవడానికి ఏడాది పైనే పడుతుందని గేటు దగ్గర బోర్డు పెట్టారు.

కోచ్ మేడం మెడలో విజిలు, నోట్లో ఉరుము. మొదటి రోజు మమ్మల్నందర్నీ గోడ పట్టుకుని మొహం ముంచి, నీళ్లలో గాలి వదలమంది. నేను ఒక లెక్క ప్రకారం వదలబోయి గుటకేశాను. ముక్కులోంచి మెదడు దాకా మంట. పక్కన అమ్మ కూడా మింగింది. మింగి, తలెత్తి, చేత్తో మొహం తుడుచుకుని, "ఉప్పు తక్కువైంది మేడం," అంది. అందరూ పగలబడి నవ్వారు. కోచ్ మేడం కూడా నవ్వింది. తర్వాత ఆవిడ మళ్లీ నవ్వడం నేను చూడలేదు.

ఎనిమిదో రోజు వెల్లకిలా తేలడం.

"మంచం మీద పడుకున్నట్టే పడుకోండి. తల వెనక్కి వాల్చాలి. చెవులు మునగాలి," అంది మేడం.

అమ్మ పడుకుంది. అంతే. ఇరవై ఆరేళ్లుగా నిలబడి ఉన్న మనిషికి పడుకోమని ఎవరో ఒకరు చెప్పడమే తరువాయి అన్నట్టు పడుకుంది. చేతులు రెండూ పక్కలకి చాపి, కళ్లు మూసుకుని, నీళ్ల మీద అలాగే ఉండిపోయింది.

నేను పడుకుంటే కాళ్లకి రాయి కట్టినట్టు కిందకి దిగేవి. మనసులోనే నోట్సు తిరగేశాను. రాసుకున్నదంతా సరిగ్గానే ఉంది. కాళ్లే వినలేదు.

సరిగ్గా అప్పుడే గోడ అవతల రోడ్డు మీద బస్సు హారన్ రెండుసార్లు మోగింది. ఆ హారన్ నాకు తెలుసు. నేను కాలేజీలో చదివిన మూడేళ్లూ మా కాలేజీ గోడ పక్కగా వెళ్తూ నాన్న అలాగే రెండుసార్లు కొట్టేవాడు. "మీ నాన్నేనా?" అని పక్కమ్మాయిలు నవ్వితే సిగ్గుగా ఉండేది. ఒక్క రోజు వినిపించకపోతే మాత్రం ఆ రోజంతా ఏదోలా ఉండేది. ఇప్పుడు ఆయన మొదటి ట్రిప్పు ఆరూ నలభైకి కొలను పక్కగానే వెళ్తుంది.

సాయంత్రం నాన్న గుమ్మంలో కూర్చుని ఎడమ బూటు తాడు విప్పుతూ అడిగాడు.

"హారన్ విన్నావా?"

"విన్నాను నాన్నా," అన్నాను.

"నిన్ను కాదురా, మీ అమ్మని." తల లోపలికి తిప్పి గొంతు పెంచాడు. "ఏమోయ్, ఈ రోజు ఏం నేర్చుకున్నావు?"

వంటింట్లోంచి అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "వెల్లకిలా తేలానండీ! ఆకాశం ఎంత ఉందో తెలుసా? మన బస్తీలో నిలబడి చూస్తే చేటంత కనిపిస్తుంది. అక్కడ పడుకుని చూస్తే..." చేతులు రెండూ చాపి చూపించింది. నాన్న ఒక బూటు విప్పి, ఒక బూటుతోనే కూర్చుని విన్నాడు. ఆ రెండో బూటు చాలాసేపు అలాగే ఉండిపోయింది.

నేను లోపలికి వెళ్లి రేపు ఆఫీసుకి వేసుకునే బట్టలు తీసుకున్నాను. అవి అప్పటికే ఇస్త్రీ అయి ఉన్నాయి.

నెల తిరిగేసరికి అమ్మ గోడ వదిలేసింది. నేను గోడతో కాపురం పెట్టాను. అమ్మ కుడి చెయ్యి ముందుకి సాగి, నీళ్ల మీద చదునుగా వాలి, నొక్కుతూ వెనక్కి వచ్చేది. నీళ్లకి ముడతలు తీస్తున్నట్టు ఉండేది చూడ్డానికి. ఒకరోజు కోచ్ మేడం విజిలు నోట్లోంచి తీసి మరీ అడిగింది.

"భుజం బలం భలే ఉందండీ మీకు. ఏం పని చేస్తారు?"

అమ్మ నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "ఇంటి పనే మేడం. ఇంట్లో పని ఎక్కువ."

ఎందుకన్నానంటే, మా పక్కనే, మాతోపాటు ఈతకి చేరిన బ్యాంకు మేడం నిలబడి ఉంది. పెద్ద ఆఫీసరు. ఆవిడ ముందు నేను మూడు వారాలుగా ఎంతో జాగ్రత్తగా మాట్లాడుతున్నాను. అమ్మ నా వైపు ఒక్కసారి చూసి, మొహం నీళ్లలో ముంచేసింది. ఊపిరి వదలడం నేర్చుకున్న మనిషి కదా, చాలాసేపటికి గానీ పైకి రాలేదు.

బ్యాంకు మేడం నా భుజం తట్టింది. "మీకేంటమ్మా, ఇంట్లోనే గురువుగారున్నారు. మీ అమ్మగారి వెనకాలే ఉండండి, అదే వస్తుంది."

ఆవిడ మంచికే అంది. నాకు మాత్రం ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది. పుట్టి బుద్ధెరిగాక నేను అమ్మ వెనకాల ఉన్నది ఎక్కడ? బడిలో ముందు, కాలేజీలో ముందు. ఆసుపత్రిలో, బ్యాంకులో, ప్రతి కౌంటరు దగ్గరా అమ్మే నా వెనకాల నిలబడేది. నా జబ్బ పట్టుకుని.

మూడో నెలలో అమ్మ మోకాళ్లు కుదుటపడ్డాయి. మెట్లు గోడ పట్టుకోకుండా దిగేది. నేను సంతోషించాల్సింది. డాక్టరుకి చూపించింది నేను, చేర్పించింది నేను, పొద్దున్నే లేపింది నేను. కానీ నాన్న తన డిపోలో చెప్పుకునేది మాత్రం అమ్మ ఈత గురించే. ఇదివరకు ఆయన జేబులో నా డిగ్రీ పట్టా పుచ్చుకున్న ఫోటో ఉండేది, ఎవరైనా చేతికి దొరికితే చూపించేవాడు. ఆ ఫోటో ఇంకా జేబులోనే ఉందని నాకు తెలుసు. అడిగి చూద్దామనుకున్నాను. నాకు నేనే మరీ లోకువగా కనిపించి మానేశాను.

పరీక్షకి ఆరు రోజులుండగా, ఆదివారం పొద్దున, నీలం టోపీ కాగితం బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ కిటికీ దగ్గర నాన్న యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది.

"అన్నీ సరిగ్గా రాయవే. కొట్టివేతలుంటే తీసుకోరేమో."

"నాకు చెప్తున్నావా?"

"నీకెందుకు చెప్తానులే. నా కంగారు నాది." ఇస్త్రీ పెట్టె ముందుకీ వెనక్కీ నడుస్తూనే ఉంది. "దాటతానంటావా? ఆ తాడు?"

పేరు రాశాను, వయసు రాశాను. గృహిణి అని రాశాను. ఆ తర్వాత ఒక గడి వచ్చింది. 'మూర్ఛ, కళ్లు తిరగడం, గుండెదడ వంటివి గతంలో గానీ ఇప్పుడు గానీ ఉన్నాయా? ఉంటే రాయండి.'

మూడేళ్ల కిందట అమ్మ ఒకసారి దుకాణంలో కళ్లు తిరిగి పడిపోయింది. ఒక్కటంటే ఒక్కసారి. ఆ మాట ఆ మాటగా రాయొచ్చు. రాయకుండా వదిలేసినా అడిగేవాళ్లు లేరు. నేను రాసింది ఇది: 'అప్పుడప్పుడు కళ్లు తిరుగుతుంటాయి.'

అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. ఇది అబద్ధం కాదు, జాగ్రత్త, రేపు నీళ్లలో ఏదైనా అయితే ఎవరిది బాధ్యత అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుంటున్నప్పుడే తెలుసు, ఆ మాట ఎక్కడ పడితే మనిషి ఎక్కడ ఆగిపోతుందో.

"ఇదిగో, ఇక్కడ సంతకం."

అమ్మ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి వచ్చింది. ఆమెకి సంతకం నేర్పింది కూడా నేనే, ఎనిమిదో తరగతి సెలవుల్లో. చదవడం రాదు, తన పేరు మాత్రం ఒక్కో అక్షరం గీసుకుంటూ రాస్తుంది. నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, నేను రాసిన మాట కింద నిదానంగా తన పేరు రాసింది. రాసి, కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకుని చూసి మురిసిపోయింది.

మంగళవారం కొలను ఒడ్డున కోచ్ మేడం కాగితాలు చూస్తూ అమ్మని పిలిచింది. ఆవిడకి నెమ్మదిగా మాట్లాడ్డం చేతకాదు. పైకే చదివింది.

"వయసు యాభై ఒకటి. గృహిణి. అప్పుడప్పుడు కళ్లు తిరుగుతుంటాయి." కాగితం మడిచేసింది. "ఇదేంటండీ, ముందే చెప్పొద్దా? ఇలా ఉంటే నేను లోతుకి పంపను. తాడుకి ఇవతలే ఈదుకోండి. ఏమీ అనుకోకండి."

అమ్మ కోచ్ మేడంని చూసింది. కాగితాన్ని చూసింది. నా వైపు చూడలేదు.

"సరే మేడం," అంది. మెట్లు దిగి, నీళ్లలోకి వెళ్లి, తాడు దాకా ఈది, వెనక్కి తిరిగింది. మళ్లీ తాడు దాకా వెళ్లింది. మళ్లీ వెనక్కి తిరిగింది. ఆరూ నలభైకి హారన్ రెండుసార్లు మోగింది. ఎవరూ తలెత్తలేదు.

సాయంత్రం నాన్న బూట్లు విప్పుతూ అలవాటుగా అడిగాడు.

"ఏమోయ్, ఈ రోజు ఏం నేర్చుకున్నావు?"

"నాకు అప్పుడప్పుడు కళ్లు తిరుగుతాయని నేర్చుకున్నానండీ," అంది అమ్మ.

నాన్నకి అర్థం కాలేదు. "ఎవరన్నారు?"

"కాగితంలో ఉందట."

నాన్న నా వైపు తిరిగాడు. "కాగితం నువ్వేగా రాసింది?"

"అప్పుడు దుకాణంలో పడిపోయింది కదా నాన్నా."

"అది తిండి తినక కదరా! ఎన్నేళ్లయింది?"

"నీళ్లతో పని. జాగ్రత్త కోసం..."

"పోనిద్దురూ," అంది అమ్మ. "పిల్ల నా మంచికే రాసుంటుంది. చదువుకున్నది, దానికి తెలీదా?"

ఆ మాటలో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే బాగుండేది. అమ్మ నన్ను తిట్టినా, చెయ్యి చేసుకున్నా నాలుగు మాటలు వాదించేదాన్ని. నిజంగానే అలా నమ్ముతోందని తెలిశాక ఇక ఎవరితో వాదించను? నాన్న మాత్రం నా మొహం చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్లుగా ఆ గుమ్మంలో కూర్చుని నా జవాబులు విన్న మనిషి. ఏది నేర్చుకుని చెప్తున్నానో, ఏది కల్పించి చెప్తున్నానో ఆయనకి తెలియకుండా ఉంటుందా? లేచి బూట్లు తీసి మూల పెట్టాడు. ఆ రోజు నన్ను గుమస్తా అని పిలవలేదు.

మర్నాడు వెళ్లొద్దనుకున్నాను. అమ్మే లేపింది.

"లేవే. డబ్బు కట్టిన సీజను, ఊరికే పోగొట్టుకుంటావా?"

నీళ్లలో గోడ పట్టుకుని నిలబడ్డాను. అమ్మ తాడు దగ్గర్నుంచి వెనక్కి వచ్చి నా ముందు ఆగింది.

"రా. పడుకో."

"నాకు రాదులే అమ్మా."

"పడుకోమన్నానా! నా చెయ్యి ఉంటుంది కింద." అరచెయ్యి వెడల్పుగా చాపి నా వీపు కింద పెట్టింది. ఇరవై ఆరేళ్లు ఇస్త్రీ పెట్టె మోసిన చెయ్యి. గట్టిగా, వెచ్చగా ఉంది. "తల వాల్చు. ఇంకా. చూడూ, నువ్వు తల ఎత్తుతున్నావు, అందుకే కాళ్లు దిగిపోతున్నాయి. మూడు నెలలుగా చూస్తున్నాను."

"ఎత్తడం లేదు."

"ఎత్తుతున్నావు. ఎవరు ఎంత దూరం వెళ్లారో చూస్తావు. మేడం ఎవరిని ఏమంటోందో వినాలని చెవులు తడవనివ్వవు. నీళ్లకి ఆ సంగతులన్నీ ఎందుకే? తల ఇచ్చేస్తే కాళ్లు అవే వస్తాయి."

తల వాల్చాను. నీళ్లు చెవుల్లోకి చల్లగా వచ్చాయి. అరుపులు, విజిలు, చప్పుళ్లు అన్నీ ఒక్కసారి ఎవరో తలుపేసినట్టు ఆగిపోయాయి. పైన తెల్లటి ఆకాశం. అమ్మ చెప్పింది నిజమే, చాలా ఉంది. వీపు కింద చెయ్యి ఎప్పుడు తీసేసిందో నాకు తెలియలేదు. పక్కకి చూస్తే రెండు చేతులూ కట్టుకుని నిలబడి ఉంది.

నేను బయటికొచ్చి, తడి బట్టలతోనే కోచ్ మేడం దగ్గరికి వెళ్లాను. కింద నీళ్లు మడుగు కట్టాయి.

"మేడం, మా అమ్మ కాగితంలో ఒక మాట సరిగ్గా లేదు. కళ్లు తిరుగుతుంటాయని రాశాను. ఒక్కసారే తిరిగాయి, మూడేళ్ల కిందట."

"పొరపాటున రాశారా?"

బ్యాంకు మేడం తల తుడుచుకుంటూ పక్కనే ఉంది. అవునంటే సరిపోయేది.

"లేదండీ. తెలిసే రాశాను."

కోచ్ మేడం నన్ను పైనుంచి కిందదాకా చూసింది. "డాక్టరు దగ్గర రాయించుకు రండి. కొత్త కాగితం శుక్రవారం లోపు నా చేతికి రావాలి. శనివారం పరీక్ష." ఆ పైన విజిలు నోట్లో పెట్టేసుకుంది.

గురువారం మా ఆసుపత్రిలోనే వరసలో కూర్చున్నాం. డాక్టరమ్మ బీపీ చూసింది, గుండె విన్నది, నిలబెట్టి కళ్లు మూసుకోమంది.

"కళ్లు తిరగడం ఎప్పుడైనా ఉందా?"

అలవాటుగా నా నోరు తెరుచుకుంది. మూసేశాను.

"ఒకసారండీ," అంది అమ్మ. "మూడేళ్లయింది. దీని డిగ్రీ ఫలితాలొచ్చే రోజు. పొద్దున్నుంచి నాకు ముద్ద దిగలేదు. మధ్యాహ్నం బల్ల దగ్గరే పడిపోయాను. లేచి ముందు అడిగింది అదే, ఫలితాలు వచ్చాయా అని."

డాక్టరమ్మ నవ్వుతూ నా వైపు చూసింది. "వచ్చాయా మరి?"

"వచ్చాయండీ," అన్నాను. గోడ మీదున్న కంటి పరీక్ష పటంలో అన్నిటికంటే చిన్న వరస చదవడానికి ప్రయత్నిస్తూ నిలబడ్డాను. అక్షరాలు అలుక్కుపోయాయి.

శుక్రవారం పొద్దున కొలను గేటు పక్క సిమెంటు గట్టు మీద కొత్త కాగితం పరిచాను. అమ్మ పక్కన కూర్చుంది.

"ఈసారి నేను చెప్పింది చెప్పినట్టు రాయి," అంది.

"చెప్పు."

పేరు చెప్పింది. వయసు చెప్పింది. నేను రాశాను. తర్వాత గడి దగ్గర నా పెన్ను ఆగింది. అమ్మకి చదువు రాదు, కానీ ఏ గడి తర్వాత ఏ గడి వస్తుందో మొన్న మేడం చదివినప్పుడు విన్నది.

"అక్కడేం రాస్తావు?"

నేను పెన్ను మూత పెట్టి, మళ్లీ తీశాను.

"నేను ఇంట్లో ఎప్పుడున్నానే?" అంది అమ్మ. కోపంగా కాదు. బట్టల్లో ఒక చొక్కా తక్కువైతే లెక్క అడిగినట్టు అడిగింది. "నీ కాగితాలన్నిటి మీదా అదే రాశావా? బడి కాగితాల నుంచీ?"

"ఊఁ."

"ఇస్త్రీ పని అని రాయి. ఇరవై ఆరేళ్లు అని కూడా రాయి. చోటుందా?"

చోటు లేదు. గీతకి ఇవతలగా, చిన్న అక్షరాలతో రాశాను. అమ్మ వంగి చూసింది. "ఏది ఇస్త్రీ? ఇదా? ఇంత చిన్నగానా ఉండేది?" అని, తన సంతకం చేసింది.

శనివారం పరీక్షకి తొమ్మిది మంది. అమ్మ నాలుగోది. విజిలు మోగగానే గోడని తన్ని వెళ్లింది. నేను ఈ చివర మూడున్నర అడుగుల్లో, పసుపు టోపీతో నిలబడి చూశాను. కుడి చెయ్యి సాగింది, వాలింది, నొక్కింది. తాడు తీసేసి ఉంది కానీ అది ఉండే చోటు నాకు తెలుసు. అక్కడ ఒక్క క్షణం నెమ్మదించింది. తర్వాత దాటేసింది. నీళ్లు అక్కణ్ణుంచి ముదురు రంగు. ఆ ముదురు రంగులో అమ్మ పసుపు టోపీ చిన్నదైపోతూ వెళ్లి, ఎర్ర అక్షరాల కింద ఆగింది. రెండు నిమిషాలు ఏదీ పట్టుకోకుండా నిలిచింది. ఒడ్డున ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. కోచ్ మేడం వంగి, అమ్మ తల మీది పసుపు టోపీ లాగేసి, నీలం టోపీ తనే తొడిగింది.

అప్పుడు నా కడుపులో ఆ పాత మంట మళ్లీ లేచిందని చెప్పకపోతే ఈ కథంతా రాసి దండగ. లేచింది. కాగితం సరిచేసినంత మాత్రాన మనసు సరికాదు. అందరూ ఆ చివర మూగి ఉన్నారు. ఈ చివర నేనొక్కదాన్నే. అమ్మ చెయ్యి లేదు, చూసేవాళ్లు లేరు, గోడ మాత్రం అందుబాటులో ఉంది. ఆ గోడని వదిలేసి తల వెనక్కి వాల్చాను. చెవులు మునిగాయి. చప్పట్లు ఆగిపోయాయి. కాసేపటికి కాళ్లు వాటంతట అవే పైకి వచ్చాయి.

సాయంత్రం నాన్న మామూలు కంటే ముందే వచ్చాడు. గుమ్మంలో కూర్చోకుండా బూట్లతోనే లోపలికి వచ్చేశాడు.

"విన్నారా? ఆరూ నలభైకి గోడ పక్కన బస్సు ఆపి మరీ కొట్టాను, ఐదుసార్లు! బస్సులో జనం అంతా నన్ను తిట్టిపోశారు. ఒకాయనైతే ఫిర్యాదు రాస్తానని పేరు కూడా అడిగాడు. విన్నావా లేదా?"

"అప్పుడు నేను కొత్త టోపీతో మళ్లీ మునిగున్నానండీ," అంది అమ్మ. చేతిలో నీలం టోపీ, ఇంకా తడి ఆరలేదు. "నాకేం వినబడలేదు."

నాన్న నా వైపు చూశాడు. "ఏరా గుమస్తా, నువ్వు?"

"నా చెవులూ నీళ్లలోనే ఉన్నాయి నాన్నా."

అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నాన్న అక్కడే నేల మీద చతికిలబడి ఒక బూటు లాగాడు.

"అయితే మరి నేను ఎవరి కోసం కొట్టినట్టు?" అన్నాడు.